రెండు వేళ్ల స్కేట్‌బోర్డు

టక్... టక్... ఈ చప్పుడు విన్నారా? వారం నుంచి మా ఇంట్లో ఇదే గోల. "ఆ బల్ల విరిగేదాకా ఆపవా?" అని అమ్మ రోజూ అడుగుతోంది. తప్పంతా దీనిదే. ఫింగర్‌బోర్డు. కెమెరా దగ్గర పెడతా, చూడండి. పొడవు 96 మిల్లీమీటర్లు, పది సెంటీమీటర్లు కూడా లేదు. చక్రాలున్నాయి, ట్రక్కులున్నాయి. ట్రక్కులంటే లారీలు కాదు, చక్రాలను పట్టుకునే ఇరుసులు. అసలు స్కేట్‌బోర్డుకు ఉన్నవన్నీ దీనికీ ఉన్నాయి. కాళ్లు పెట్టే చోట మనం రెండు వేళ్లు పెడతాం.

"పిల్లల బొమ్మతో నీకేం పని?" అన్నాడు మా బావ. "ఒక్క ఆలీ వేసి చూపించు బావా" అని చేతికిచ్చా. ఆలి అంటే పెళ్లాం కాదండీ బాబూ, ఆలీ అంటే బోర్డును చేత్తో పట్టుకోకుండా గాల్లోకి లేపడం. అరగంట కుస్తీ పట్టాడు. బోర్డు లేవలేదు, బావ కూడా కుర్చీలోంచి లేవలేదు.

అందరూ చేసే పొరపాటే ఆయనా చేశాడు, బోర్డును పైకి లాగబోయాడు. అలా లేవదు. నా వేళ్లు చూడండి. మధ్యవేలు తోక మీద, అంటే బోర్డు వెనక కొస మీద, చూపుడువేలు నడుమ. మధ్యవేలితో తోకను టక్కున నొక్కితే అది బల్లకు తగిలి ముక్కు, అంటే ముందు కొస, పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే చూపుడువేలిని ముందుకు జార్చాలి. పైనున్న గరుకు పొర వేలిని పట్టుకుంటుంది, ఆ పట్టుతో తోక కూడా పైకొస్తుంది. నొక్కడం, జార్చడం మధ్య రెప్పపాటు తేడా వచ్చినా బోర్డు పల్టీ కొడుతుంది. 1978లో ఫ్లోరిడా కుర్రాడు అలన్ గెల్ఫాండ్ కాళ్లతో కనిపెట్టిన ట్రిక్కు ఇది. ఆయన వంపు గోడల మీద వేసేవాడు. దాన్ని చదునైన నేల మీదికి తెచ్చింది మరో స్కేటర్ రాడ్నీ ములెన్. మనం బల్ల మీద వేసేది ఆయన పద్ధతే.

ఈ బుల్లి బోర్డును జనానికి చూపించింది కూడా ఒక పెద్ద స్కేటరే. 1985లో వచ్చిన ఒక స్కేట్ వీడియోలో లాన్స్ మౌంటెన్ ఇంట్లో చేసుకున్న బోర్డును గిన్నెలు కడిగే సింకులో తిప్పాడు. చిన్నప్పుడు మనం చేసుకునే తాటికాయల బండి లాంటిదే అన్నమాట! 1998లో టెక్ డెక్ అనే బ్రాండు ప్లాస్టిక్ బోర్డులు వచ్చాక బొమ్మల షాపులకెక్కింది. జర్మనీలో మాత్రం బ్లాక్‌రివర్ లాంటి కంపెనీలు దీన్ని సీరియస్‌గా తీసుకున్నాయి. అక్కడ పోటీలు కూడా పెడతారు.

మరి ఏది కొనాలి? ఖరీదైనవి పల్చటి మేపుల్ చెక్క పొరలు అతికించి చేస్తారు, చక్రాల్లో బుల్లి బేరింగులుంటాయి. వెడల్పు 32, 34 మిల్లీమీటర్లు, కాబట్టి వేళ్లు కుదురుగా నిలుస్తాయి. పాత ప్లాస్టిక్ బోర్డులు సన్నగా ఉండి వేళ్లు జారిపోయేవి. నన్నడిగితే ముందు ప్లాస్టిక్‌దే కొనండి, వెడల్పుది చూసి. ఆలీ వచ్చాక చెక్క సంగతి చూద్దాం. బోర్డు మార్చినంత మాత్రాన వేలు మాట వినదు, నా డబ్బులు పోయాకే తెలిసింది.

సరే, ఇప్పుడు కిక్‌ఫ్లిప్. గాల్లో బోర్డు పక్కకు పొర్లుతూ ఒక చుట్టు తిరగాలి. చూడండి... ఒకటి, రెండు... అరెరే! ఫ్రిజ్ కిందికి పోయింది. అమ్మా, ఆ చీపురు ఒకసారి ఇటివ్వవా?