గోనెసంచి తీసేస్తే దిగబడిన లారీలు

(దృశ్యం: ఎండలో రెండు ఐసు దిమ్మలు. ఒకదాని మీద పొట్టు చల్లి గోనెసంచి కప్పారు. రెండోది బోడిగా ఉంది.)

వ్యాఖ్యానం: రెండింటినీ ఒకేసారి ఎండలో పెట్టాం. సంచి లేనిది అప్పుడే సగమైంది. 1942లో అమెరికా సైన్యం ఇలాంటి సంచినే లాగేసి చిక్కుల్లో పడింది.

(పటం: కెనడాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా ఎర్ర గీత.)

పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి తర్వాత అలాస్కాకు నేల మీద దారి అత్యవసరమైంది. పదివేల మందికి పైగా సైనికులు, వారిలో సుమారు మూడో వంతు నల్లజాతి రెజిమెంట్లవారు, మార్చిలో పని మొదలుపెట్టి నవంబరు 20 నాటికి రెండు వేల కిలోమీటర్లకు పైగా దారి తీశారు. అదే అలాస్కా హైవే.

ఇబ్బంది ఉత్తరాన వచ్చింది. బుల్డోజరుతో చెట్లూ నాచూ గోకేసి, గట్టి నేల తేలాక దాని మీద దారి వేయడం మామూలు పద్ధతి. కెనడా వాయవ్య మూలనున్న యూకాన్‌లో ఆ గట్టిదనమంతా మంచుదే. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న మట్టికి పైనున్న నాచే గోనెసంచి. అది పోగానే నేల కరిగి, లారీలు ఇరుసుల దాకా దిగబడ్డాయి. బురద తోడేస్తే కింద మళ్లీ మంచు తేలుతుంది, అదీ కరుగుతుంది. తోడేకొద్దీ గొయ్యి!

(దగ్గరి దృశ్యం: నాచు మీద పక్కపక్కనే పేర్చిన దుంగలు.)

చివరికి అక్కరకొచ్చింది గొడ్డలి. నాచును కదపకుండా చెట్లు నరికి, కొమ్మలు పరిచి, వాటి మీద దుంగలను దారికి అడ్డంగా, ఒకదానికొకటి ఆనేలా పేర్చారు. పైన కంకర పోశారు. అడ్డంగానే ఎందుకు? నిలువుగా పరిస్తే చక్రం బరువంతా ఒకటి రెండు దుంగల మీదే పడి అవి పక్కకు జారతాయి. అడ్డంగా ఉంటే ఒక్కో దుంగా తన పొడవునా ఆ బరువును నేలకు పంచుతుంది. దిగబడిన బండి చక్రం కింద తాటిమట్టలు వేసే మన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కార్డురాయ్ అనే మెత్తని చారల బట్టలా కనిపిస్తుంది కనుక దీన్ని కార్డురాయ్ రోడ్డు అన్నారు. పేరు మెత్తనిదే, కంకర చెదిరాక దాని మీద ప్రయాణం ఎలాంటిదో నడుముకే తెలుస్తుంది.

మరుసటి ఏడాదే ఈ తాత్కాలిక దారిని బాగుచేసే పని కాంట్రాక్టర్లు అందుకున్నారు. అయినా యూకాన్‌లోని బీవర్ క్రీక్ దగ్గర ఆ హైవే నేటికీ కుంగుతోంది. అక్కడ రోడ్డు కట్ట వాలుకు షెడ్లు కప్పి నేలను చల్లగా ఉంచే ప్రయోగాలూ చేశారు.

(దృశ్యం: గోనెసంచి ఎత్తుతారు. దిమ్మ అంచులు కొద్దిగా కరిగి ఉన్నాయి. సంచి మళ్లీ కప్పేస్తారు.)