పారామోటర్: ఎత్తు కాదు, నేల దగ్గరే ప్రమాదం

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో పారామోటర్ గురించి మాట్లాడుకుందాం. వీపుకి ఇంజిన్ తగిలించుకుని, నెత్తి మీద పారాగ్లైడింగ్ రెక్కతో ఎగురుతారు కదా, అదే. బీచుల్లో టూరిస్టుని ముందు కూర్చోబెట్టుకుని మూడు చక్రాల బండి మీద పైకి తీసుకెళ్లేది కూడా ఇదే. ఇది చాలా ఏళ్లుగా నడుపుతూ, కొత్తవాళ్లకి నేర్పుతున్న అన్న మనతో ఉన్నారు. అన్నా, సూటిగా అడిగేస్తాను. ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే ఆస్ట్రియా స్కైడైవర్ 2012లో దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి పారాచూట్‌తో దూకి క్షేమంగా దిగాడు. అలాంటి మనిషి 2025 జులైలో పారామోటర్ మీద చనిపోయాడు. ఇక మామూలువాళ్ల సంగతేంటి?

పైలట్: ఆ వార్త విన్న రోజు నాకు ఫోన్లే ఫోన్లు. అందరూ ఇదే అడిగారు. ఇటలీలో పోర్తో సాంతెల్పీదియో అని సముద్రం ఒడ్డు ఊరు. జులై 17న అక్కడ ఒక హోటల్ స్విమ్మింగ్ పూల్ పక్కన పడిపోయాడు. తర్వాత దర్యాప్తులో యంత్రంలో లోపం కనబడలేదు. స్పైరల్‌లోకి వెళ్లి అందులోంచి బయటికి రాలేకపోయాడని తేల్చారు.

హోస్ట్: స్పైరల్ అంటే?

పైలట్: రెక్క రెండు పక్కలా బ్రేకులు ఉంటాయి, చేత్తో లాగే తాళ్లు. ఒక పక్క బ్రేక్ లాగి అలాగే పట్టుకుంటే రెక్క ముందు మలుపు తిరుగుతుంది, తర్వాత ముక్కు నేలవైపు పెట్టి గిర్రున తిరుగుతూ దిగడం మొదలుపెడుతుంది. సెకనుకి పదిహేను, ఇరవై మీటర్లు దిగిపోవచ్చు. ఒంటి బరువు మూడు నాలుగు రెట్లు అయినట్టు ఉంటుంది. రక్తం తల్లోంచి కిందికి జారుతుంది, చూపు మసకబారుతుంది, కొందరికి స్పృహే తప్పుతుంది. వంద మీటర్ల ఎత్తులో అది జరిగితే చేతిలో ఉండేది ఐదారు సెకన్లు. అంత తక్కువ టైమ్‌లో అనుభవం కంటే ఎత్తే ఎక్కువ పనికొస్తుంది. ఇదే స్పైరల్ ఎనిమిది వందల మీటర్ల మీద అయితే సరిచేసుకోవడానికి టైమ్ ఉంటుంది, రిజర్వ్ పారాచూట్ విసరడానికీ ఉంటుంది.

హోస్ట్: అంటే ఎత్తులో ఉంటేనే నయం అంటారు.

పైలట్: కచ్చితంగా. బయట చూసేవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. "అన్నా, జాగ్రత్త, మరీ పైకి పోకు" అంటారు ఇంట్లోవాళ్లు. నేను నేర్పేవాళ్లకి దీనికి సరిగ్గా ఉల్టా చెబుతాను. అయితే తమ్ముడూ, ఒక మాట. జనానికి గుర్తుండేది ఇలా గాల్లోంచి పడిపోయిన కేసులే. జనం పెద్దగా పట్టించుకోని ప్రమాదం ఇంకోటి ఉంది. అది గాల్లో కాదు, రెండు కాళ్లూ నేల మీద ఉండగానే జరుగుతుంది.

హోస్ట్: ఇంజిన్ దగ్గరా?

పైలట్: ఇంజిన్ దగ్గరే. 2014లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికా పారామోటర్ సంఘం దగ్గర 1995 నుంచి 2012 దాకా పోగైన 384 ప్రమాదాల రిపోర్టులు తీసుకుని, ఒంట్లో ఏ భాగానికి దెబ్బలు తగిలాయో చూశారు. అన్నిటికంటే ఎక్కువ చేతులకే. దాదాపు నలభై ఐదు శాతం. ఆ తర్వాత కాళ్లకి. వెన్నుకి, తలకి తగిలినవి వీటికంటే బాగా తక్కువ. ఇంజిన్ వల్ల జరిగిన ప్రమాదాల్లో దెబ్బ ఎక్కువగా తగిలేది చేతికే. అంటే ప్రొపెల్లర్.

హోస్ట్: కానీ ప్రొపెల్లర్ చుట్టూ కేజ్, అంటే గుండ్రటి ఫ్రేమ్ ఉంటుంది కదా, వల కూడా కడతారు.

పైలట్: కేజ్ ముఖ్యంగా తాళ్లు ప్రొపెల్లర్‌లోకి పోకుండా ఆపడానికి. మామూలుగా తగిలే చెయ్యిని కూడా ఆపుతుంది. కానీ ఇంజిన్ ఫుల్ స్పీడ్‌లో ఉన్నప్పుడు దాని మీద బలంగా వాలితే సన్నటి వల సాగిపోతుంది, వేళ్లు లోపలికి పోతాయి. ఒక లెక్క చెబుతాను. ప్రొపెల్లర్ వ్యాసం 130 సెంటీమీటర్లు అనుకో. నిమిషానికి 2,700 సార్లు తిరుగుతోంది. అప్పుడు దాని కొస గంటకి 660 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. తగిలాక చెయ్యి వెనక్కి లాక్కునేంత టైమ్ ఉండదు.

హోస్ట్: ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పండి. వినేవాళ్లలో నేర్చుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు.

పైలట్: చెప్పాలి. చాలావరకు ఒకే పద్ధతిలో జరుగుతాయి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉంటుంది, స్టార్ట్ అవ్వదు. రెండుసార్లు తాడు లాగుతారు. అవ్వదు. పెట్రోల్ కొంచెం ఎక్కువ ఎక్కిస్తారు. మళ్లీ లాగుతారు. ఇంజిన్ నేల మీద ఉంది, మనిషి దాని ముందు వంగి, ఒక చేత్తో ఫ్రేమ్ పట్టుకుని రెండో చేత్తో లాగుతున్నాడు. థ్రాటిల్, అంటే ఇంజిన్ స్పీడ్ పెంచేది, దాని కేబుల్ ఎక్కడో ఇరుక్కుని ఉంది, లేకపోతే హ్యాండిల్ కింద పడి నొక్కుకుపోయింది. ఈసారి ఒక్కసారిగా ఫుల్ పవర్‌తో అందుకుంటుంది. ఇంజిన్ బరువు పాతిక కిలోలు ఉంటే, అది తోసే బలం అరవై డెబ్భై కిలోలు ఉంటుంది. అంత బలంతో మనిషి మీదికి వస్తుంది. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, చేతులు చాపి ఆపబోతారు. ఆ చెయ్యి వల దాటి లోపలికి పోతుంది.

హోస్ట్: వింటేనే టెన్షన్ వస్తోంది అన్నా.

పైలట్: అందుకే దీని మీద మొదట్లోనే ఎక్కువ టైమ్ పెట్టాలి. రెక్క గురించి నేర్పే ముందే. స్టార్ట్ చేసే ముందు థ్రాటిల్ నొక్కి వదిలి, కార్బురేటర్ దగ్గర లివర్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో కళ్లతో చూడాలి. ఆఫ్ స్విచ్ పనిచేస్తోందో చూసుకోవాలి. థ్రాటిల్ చేతిలోనే ఉండాలి, నేల మీద కాదు. వీలైతే ఇంజిన్ వీపుకి తగిలించుకున్నాకే స్టార్ట్ చెయ్యాలి. అప్పుడది నీ మీదికి రాలేదు. కానీ వెనకాల ఎవరూ లేరని చూసుకోవాలి. కొన్ని కంపెనీలు ఇప్పుడు ఒక చిన్న సర్క్యూట్ పెడుతున్నాయి. స్టార్ట్ అయిన వెంటనే స్పీడ్ అమాంతం పెరిగితే అదే ఇంజిన్ ఆపేస్తుంది. ఖర్చు కొంచెం ఎక్కువైనా అది ఉన్న ఇంజినే కొనమంటాను. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

హోస్ట్: మన దగ్గర ఎక్కువగా ఎగిరేది బీచుల్లో. నీళ్ల సంగతి చెప్పండి.

పైలట్: 2020 అక్టోబర్‌లో కర్ణాటకలోని కార్వార్ బీచ్‌లో జరిగింది. ఇద్దరు ఎక్కిన పారామోటర్ సముద్రంలో పడింది. నడిపే ఆయన బతికాడు, ముందు కూర్చున్న ఆయన పోయారు. ఒడ్డుకి దగ్గర్లోనే. సముద్రం మెత్తగా ఉంటుందని జనానికి ఒక నమ్మకం. పడితే తడుస్తాం, అంతే కదా అనుకుంటారు. పారామోటర్ విషయంలో అది చాలా తప్పు. పాతిక ముప్ఫై కిలోల ఇంజిన్ వీపుకి ఉంటుంది. నీళ్లలో పడగానే మనిషి బోర్లా తిరిగిపోతాడు, ముఖం నీళ్లలో, ఇంజిన్ పైన. కాళ్లకి రెండు బకిల్స్, ఛాతీకి ఒకటి, తడిచేతులతో అవి విప్పుకోవాలి. ఈలోపు రెక్క తాళ్లు వలలా చుట్టుకుంటాయి. రెక్కలోకి నీళ్లు నిండితే ప్రతి అలా దాన్ని లాగుతుంది, దాంతో పాటు నిన్నూ. ఈత బాగా వచ్చినవాళ్లు నడుంలోతు నీళ్లలో కూడా పోవచ్చు.

హోస్ట్: మామూలు లైఫ్ జాకెట్ వేసుకుంటే?

పైలట్: వట్టి మనిషికి అది చాలు. వీపు మీద ఇంజిన్ ఉన్న మనిషిని తిప్పి ముఖం పైకి ఉంచడానికి చాలకపోవచ్చు. ఇంజిన్ ఫ్రేమ్‌కే కట్టే ఫ్లోట్లు దొరుకుతాయి, నీళ్లు తగిలిన కొన్ని సెకన్లలో వాటంతట అవే ఉబ్బుతాయి. బీచ్ మీద ఎగిరే ప్రతి మెషిన్‌కీ అవి ఉండాలి. తాళ్లు కోసుకోవడానికి కొక్కెం కత్తి, చేతికి అందేచోట. వీటన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ ఇప్పుడే ఆగిపోతే నేల మీదికి వెళ్లగలనా అని ప్రతి క్షణం చూసుకోవడం. టూ స్ట్రోక్ ఇంజిన్, ఎప్పుడైనా ఆగుతుంది. ఇంజిన్ ఆగినా రెక్క ఎగురుతూనే ఉంటుంది. గాలి లేకపోతే వంద మీటర్ల ఎత్తు నుంచి ఐదారు వందల మీటర్ల దూరం పోగలం. కానీ ఎదురుగాలి ఉంటే ఆ దూరం సగానికి పడిపోతుంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి గాలి వీస్తున్న పూట నీళ్ల మీదికి పోవడమంటే వెనక్కి రావడానికి పూర్తిగా ఇంజిన్‌నే నమ్ముకోవడం.

హోస్ట్: వీడియోల్లో మాత్రం అలల మీద కాళ్లు తాకిస్తూ పోతుంటారు.

పైలట్: చూడడానికి బాగుంటుంది, కాదనను. కానీ కొత్తవాళ్లు అదే చూసి వస్తున్నారు. ఇంజిన్ లేని పారాగ్లైడర్‌కి కొండ కావాలి, పైకి లేపే గాలి కావాలి. అది దొరకని రోజు ఇంటికి పోతాడు. పారామోటర్‌కి పొలం చాలు. గంటల తరబడి తక్కువ ఎత్తులో తిరగొచ్చు. ఆ సౌకర్యమే మనిషిని నేల దగ్గర ఉంచుతుంది. అక్కడ కరెంటు తీగలు ఉంటాయి. మన పొలాల్లో బోర్లకి లాగిన లైన్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, సన్నగా, ఎండలో అస్సలు కనబడవు. స్తంభం కనబడుతుంది, తీగ కనబడదు. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. దాటాల్సి వస్తే స్తంభం పైనుంచే దాటాలి, అన్నిటికంటే ఎత్తు అదే కాబట్టి.

హోస్ట్: మన ఎండల వల్ల తేడా ఉంటుందా?

పైలట్: చాలా. పొద్దున తొమ్మిది దాటాక నేల వేడెక్కి గాలి బుడగలు బుడగలుగా పైకి లేస్తుంది. రెక్క గుడ్డే కదా, లోపల గాలి ఒత్తిడి వల్లే దానికి ఆకారం. కుదుపుల్లో ఒక పక్క ముడుచుకుపోవచ్చు. ఎత్తుంటే మళ్లీ విచ్చుకుంటుంది. యాభై మీటర్లలో అయితే రిజర్వ్ విసిరినా అది పూర్తిగా విచ్చుకునే టైమ్ ఉండకపోవచ్చు. అందుకే పొద్దు పొడిచాక రెండు మూడు గంటలు, సాయంత్రం పొద్దు వాలేముందు, అంతే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘాలు కడతాయి. మేఘం ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్నా దాని ముందు వచ్చే ఈదురుగాలి ఇక్కడికి వస్తుంది. మన రెక్క వేగం గంటకి నలభై కిలోమీటర్లు. అంతకంటే గట్టిగా గాలి వీస్తే వెనక్కే పోతాం. దూరంగా నల్లగా కట్టిందంటే ఆ రోజుకి మూట కట్టెయ్యాలి.

హోస్ట్: లైసెన్స్ సంగతి? అమెరికాలో అవసరం లేదంటారు.

పైలట్: అవును, అక్కడ 1982 నుంచి పార్ట్ 103 అని ఒక రూల్ ఉంది. ఖాళీ బరువు 254 పౌండ్లు, అంటే దాదాపు 115 కిలోలు దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు. ఊళ్ల మీద ఎగరకూడదు, రాత్రి ఎగరకూడదు లాంటి షరతులు ఉంటాయి. మన దేశంలో 2022లో నేషనల్ ఎయిర్ స్పోర్ట్స్ పాలసీ వచ్చింది. ఇలాంటి రైడ్లు నడిపేవాళ్లూ, వాళ్ల పరికరాలూ సంఘాల్లో రిజిస్టర్ అవ్వాలని అందులో ఉంది. కాగితం మీద మంచిదే. బీచ్‌లో డబ్బులిచ్చి ఎక్కే మనిషి దాన్ని అడగడం మొదలుపెట్టాలి.

హోస్ట్: సరే, ఇది వింటున్నావిడ వచ్చే ఆదివారం పిల్లాడితో బీచ్‌కి వెళ్తోంది. పిల్లాడు ఎక్కుతానంటున్నాడు. ఏం చూడాలి?

పైలట్: ముందు గాలి చూడమను. ఇసుక లేస్తోందంటే వద్దు. తర్వాత ఆపరేటర్‌ని రిజిస్ట్రేషన్ అడగాలి. రిజర్వ్ పారాచూట్ ఉందా, దాన్ని చివరిసారి విప్పి మళ్లీ మడిచింది ఎప్పుడు అని అడగాలి. ఏడాది దాటితే ఎక్కొద్దు. నీళ్ల మీదికి తీసుకెళ్తారా, తీసుకెళ్తే ఫ్లోట్ ఎక్కడుంది? చూపించమనాలి. చున్నీ, స్కార్ఫ్, విరబోసుకున్న జుట్టు, చేతిలో ఫోన్, ఇవేవీ వద్దు. ప్రొపెల్లర్ వెనకే ఉంటుంది, గాలిని లోపలికి లాగుతుంది. కాళ్ల బెల్టులు పెట్టారో లేదో తనే చేత్తో లాగి చూసుకోవాలి. ఇవన్నీ అడిగితే విసుక్కునే ఆపరేటర్ దగ్గర ఎక్కనే వద్దు. మంచి పైలట్‌కి ఇలాంటి ప్రశ్నలంటే ఇష్టం. నన్ను ఎవరైనా అడిగితే రిజర్వ్ విప్పి చూపించి మరీ చెబుతాను.

హోస్ట్: పిల్లలకి వయసు ఏమైనా?

పైలట్: వయసు కంటే హార్నెస్, అంటే ఒంటికి కట్టే బెల్టుల సీటు, దాని సైజు చూడు. బెల్టులు పూర్తిగా బిగించినా భుజాల మీద నుంచి జారుతుంటే ఆ పిల్లాడు ఇంకా ఎదగాలి. అప్పటిదాకా ఒడ్డున నిలబడి, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పక్కన గానీ, వెనకాల గానీ కాకుండా, బాగా దూరంగా ఉండి చూడమను.