చిన్న కచేరీకి ఎంత పెద్ద బేస్ యాంప్ కావాలి?

అందరికీ నమస్కారం.

నా వెనక రెండు బేస్ యాంపులు, అంటే బేస్ గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెలు, ఉన్నాయి. ఎడమవైపుది 30 వాట్లది, ఎనిమిది అంగుళాల స్పీకరు ఒకటి. కుడివైపుది 300 వాట్లది, పది అంగుళాల స్పీకర్లు రెండు. ఈ రెండోది మొదటిదానికన్నా ఎన్ని రెట్లు గట్టిగా వినిపిస్తుందని ఇందాక గుమ్మం దగ్గర ఇద్దరు కుర్రవాళ్లను అడిగాను. ఇద్దరూ పది రెట్లు అన్నారు. స్పీకరు ఒకే రకమైతే, వాట్లు పది రెట్లు పెంచినా మన చెవికి శబ్దం సుమారు రెట్టింపే అవుతుంది. మన చెవి తయారైన తీరు అది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. డెసిబెల్ అంటే శబ్దానికి కొలత. 50 వాట్ల యాంపుకూ 100 వాట్ల యాంపుకూ ఉన్న తేడా శ్రద్ధగా వింటే తెలుస్తుంది, అంతే. ఆ కాస్త తేడా కోసం ఇంట్లో అప్పు చేయించకండి.

పీఎంపీఓ అని వేలల్లో వేసే అంకెను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. అది సరుకు అమ్ముకోవడానికి వేసుకున్న అంకె. ఆర్‌ఎంఎస్ అని వేసినదే యాంపు నిలకడగా ఇవ్వగల శక్తి.

అంగడిలో ఎవరూ అడగని అంకె ఇంకొకటి ఉంది. స్పీకరుకు ఒక్క వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. దాన్ని సెన్సిటివిటీ అంటారు. 94 డెసిబెల్స్ స్పీకరుకు 200 వాట్లు ఇచ్చినా, 97 డెసిబెల్స్ స్పీకరుకు 100 వాట్లు ఇచ్చినా లెక్క ప్రకారం వచ్చేది ఒకటే, 117 డెసిబెల్స్. అంటే మంచి స్పీకరు సగం వాట్లను మిగులుస్తుంది. యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని కాంబో అంటారు. చాలా కాంబోల వివరాల్లో ఈ అంకె వేయరు. అప్పుడు పెట్టెను చూడండి. చిన్న పెట్టె, లోతైన స్వరం, తక్కువ వాట్లకే గట్టి శబ్దం, ఈ మూడింటిలో రెండే ఒకచోట దొరుకుతాయి. భౌతికశాస్త్రం మూడోదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. చంకలో పట్టే పెట్టెలోంచి హాలు దద్దరిల్లుతుందని ఎవరైనా అంటే ఆ మాట నమ్మవద్దు.

బేస్‌కే ఇంత శక్తి ఎందుకు? మామూలు గిటారులో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 82 సార్లు ఊగుతూ, మోగుతుంది. బేస్ గిటారులో లావు తీగ 41 దగ్గర, అయిదు తీగల బేస్ అయితే 31 దగ్గర. అంత కింది స్వరాలు మన చెవికి సరిగా ఆనవు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. ఆ స్వరం మిగతా వాద్యాలతో సమానంగా వినిపించాలంటే స్పీకరు ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని కదిలించాలి. అందుకే గిటారిస్టుకు 30 వాట్లతో పని జరిగిపోతుంది, పక్కనే నిలబడిన మనకు జరగదు.

ఇక అసలు విషయం. యాంపు కొనాలని నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ హాలు ఎంత పెద్దదో చెబుతారు. అయిదు వందల కుర్చీలని, వెయ్యి కుర్చీలని. నేను హాలు సంగతి అడగను. డ్రమ్స్ ఎలాంటివని అడుగుతాను.

మన అనంతపురం, కర్నూలు, కడప వైపు బేస్ వాయించే చోట్లు ప్రధానంగా రెండు. ఒకటి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా, చవితి పందిళ్ల పాటకచేరీ. అక్కడ తాళం ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ల మీద నడుస్తుంది, ఢోలక్‌కు మైకు పెడతారు. ప్యాడ్‌కు సొంత శబ్దం దాదాపు లేదు. ప్యాడ్లు, కీబోర్డు, గొంతులు అన్నీ, శబ్దాలను కలిపే మిక్సర్ గుండా పెద్ద స్పీకర్లకే పోతాయి. మీ బేస్ కూడా అక్కడికే పోవాలి. కర్నూలులో నిమజ్జనం రోజున కేసీ కాలువ గట్టు మీద ఎంతమంది జనం ఉంటారో మీకు తెలుసు. అక్కడ 300 వాట్ల కాంబో పెట్టినా మూడో వరుస దాటదు. బయలులో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. ఒక మీటరు దగ్గర 117 ఉన్నది ఎనిమిది మీటర్ల దగ్గర 99కి దిగుతుంది. కాబట్టి ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకు యాంపు జనం కోసం కాదు. మీరూ, పక్కన ఢోలక్ వాయించే అన్నా స్వరం వినడం కోసం. దానికి 40 నుంచి 100 వాట్లు చాలు.

రెండో చోటు చర్చి, దానితోపాటు కాలేజీ బ్యాండ్. రాయలసీమలో బేస్ గిటారును ప్రతి వారం, ఏడాది పొడవునా మోగిస్తున్నది చర్చిలే. మన దగ్గర మంచి బేసిస్టుల్లో చాలామంది ఆదివారం ఆరాధనలో నేర్చుకున్నవాళ్లే. నేనూ అక్కడే నేర్చుకున్నాను. అక్కడ నిజమైన డ్రమ్ సెట్ ఉంటుంది. కర్రతో అందులోని స్నేర్ అనే డ్రమ్ మీద గట్టిగా కొడితే పక్కనున్నవాళ్ల చెవి దగ్గర శబ్దం నూరు డెసిబెల్స్ దాటుతుంది. దాని వాల్యూమ్ తగ్గించే నాబ్ లేదు. మీ యాంపు ఆ డ్రమ్స్‌కు సమానంగా నిలబడాలి. పైగా ఒక్కోసారి తీగను గట్టిగా లాగినప్పుడు వచ్చే ఉరవడికి చోటు మిగలాలి. ఇక్కడ నా సలహా 200 నుంచి 300 వాట్లు, స్పీకరు పన్నెండు లేదా పదిహేను అంగుళాలది ఒకటి, లేకపోతే పది అంగుళాలవి రెండు.

ఇరవై ఏళ్ల వయసులో 30 వాట్ల యాంపుతో క్రిస్మస్ ఆరాధనకు వెళ్లాను. ఇంట్లో అది గోడలను అదిరించేది. అక్కడ రెండో పాటకే నాకు నా స్వరం వినిపించలేదు. వాల్యూమ్ చివరి దాకా తిప్పాను, బేస్ నాబ్ కూడా చివరి దాకా తిప్పాను. నాలుగో పాటలో స్పీకరు గరగరమంది, ఆరో పాటకు కాగితం చిరిగినట్టు మోగింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇక్కడ ఎవరికీ కలగకూడదు. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది అందుకే.

ఆ రోజు తప్పు యాంపుది మాత్రమే కాదు, బేస్ నాబ్ తిప్పడం అంతకన్నా పెద్ద తప్పు. ఒంటరిగా గదిలో వాయించేటప్పుడు కింది స్వరాలు, పై స్వరాలు పెంచి మధ్యవి తగ్గిస్తే ఎంతో తియ్యగా ఉంటుంది. బ్యాండ్‌లోకి వచ్చేసరికి ఆ స్వరం మాయమవుతుంది. కింది భాగాన్ని కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఆక్రమిస్తుంది, కీబోర్డు ఎడమచేయి కూడా అక్కడే తిరుగుతుంది. బేస్ ఏ స్వరం వాయిస్తోందో చెవికి చెప్పేవి 250 నుంచి 800 హెర్ట్జ్ దాకా ఉన్న మధ్య స్వరాలే. 41 హెర్ట్జ్ స్వరాన్ని చిన్న స్పీకరు సరిగా పలకకపోయినా, దాని పైన ఉండే 82, 123 వినిపిస్తే చాలు, అడుగు స్వరాన్ని మన మెదడు తానే పూరిస్తుంది. కాబట్టి వినిపించకపోతే మొదట తిప్పవలసింది ఈ మధ్య స్వరాలను పెంచే మిడ్ నాబ్. యాంపులో మిడ్‌కు విడిగా నాబ్ లేకపోతే దాన్ని కొనకండి.

మన హాళ్ల విషయం ఒకటి చెప్పాలి. నేల నాపరాయి, గోడలు నున్నటి సిమెంటు, పైన కాంక్రీటు స్లాబు. కడప బండ మీద శబ్దం ఇంకదు, తిరిగి వస్తుంది. నాలుగు మీటర్ల వెడల్పున్న గదిలో 43 హెర్ట్జ్ దగ్గర గాలి తానే ఊగుతుంది, అంటే సరిగ్గా మన లావు తీగ పక్కన. ఆ ఒక్క స్వరం గుమ్‌మంటుంది, మిగతావి మామూలుగా ఉంటాయి. యాంపును మూలకు తోస్తే గుమ్ము ఇంకా పెరుగుతుంది. గోడకు ఎడంగా జరిపి, కుర్చీ మీద పెట్టి, స్పీకరు మోకాళ్లకు కాకుండా చెవికి ఎదురుగా ఉండేలా చూడండి. పైసా ఖర్చు లేదు. ఎక్కువ వాట్ల యాంపు కొన్నంత తేడా ఒక్కోసారి దీనితోనే వస్తుంది.

డీఐ అవుట్ అని మూడు పిన్నుల సాకెట్ ఒకటి యాంపు వెనక ఉండాలి. అక్కడి నుంచి తీగ తీసుకెళ్లి సౌండ్ ఆపరేటర్‌కు ఇస్తే మీ బేస్ పెద్ద స్పీకర్లలోకి వెళుతుంది. 500 వాట్లుండి డీఐ లేని యాంపు కన్నా, 100 వాట్లుండి మంచి డీఐ ఉన్న యాంపు మన ఊళ్లలో పదిసార్లు ఎక్కువ పనికొస్తుంది. దాని పక్కనే గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న మీట ఉంటే ఇంకా మంచిది. మిక్సర్‌కు కలపగానే వచ్చే హమ్, అంటే గుయ్‌మనే మోత, చాలాసార్లు ఆ మీట నొక్కితే పోతుంది.

ఇక్కడ మీరు దయచేసి జాగ్రత్తగా వినండి. హమ్ వస్తోందని ప్లగ్గులో లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టేవాళ్లను నేను చూశాను. ఒక ఊరి తిరునాళ్లలో అలా చేసిన యాంపుకు నా గిటారు తగిలించి ఉంది. పాడటానికి మైకు దగ్గరికి వంగాను, పెదవికి షాక్ కొట్టింది. చేతిలో లోహపు తీగలు, ఎదురుగా లోహపు మైకు. ఆ రోజు బతికాను. గ్రౌండ్ లిఫ్ట్ మీట సిగ్నల్ తీగ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను కాదు. ఎర్త్ లేని సాకెట్లో గిటారు యాంపు పెట్టవద్దు. అమెరికాలో ఉన్న అన్నయ్య యాంపు పంపిస్తానంటే, అది 120 వోల్టులదా, 240 దాకా తట్టుకునేదా అని వెనక రాసినది ఫొటో తీసి పంపమనండి. 120 వోల్టులదాన్ని నేరుగా మన 230కి పెడితే కాలిపోతుంది.

బరువు గురించి ఎక్కువ చెప్పను. 1969లో అమెరికాలో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వు యాంపు. స్పీకర్లు లేకుండా దాని తల ఒక్కటే 35 కిలోలు దాటుతుంది. ఇప్పుడు క్లాస్ డి అనే తేలికపాటి రకం యాంపు, తేలికైన నియోడిమియమ్ అయస్కాంతం ఉన్న స్పీకరు కలిసిన కాంబో అంతకన్నా ఎక్కువ వాట్లతో 20 కిలోల లోపే దొరుకుతోంది. బస్సులో వెళ్లే మనకు అది పెద్ద వరం. రెండో స్పీకరు పెట్టె కలుపుకొనే సాకెట్ ఉన్నదాన్ని తీసుకోండి. చాలా కాంబోలు లోపలి స్పీకరుతో పూర్తి శక్తి ఇవ్వవు. స్పీకరు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో ఓముల్లో చెబుతారు. బయట 8 ఓముల పెట్టె కలిపి మొత్తం 4 ఓములైతేనే యాంపు మీద వేసిన అంకె వస్తుంది. గాలి కదిలించే స్పీకర్లూ పెరుగుతాయి కాబట్టి, మొత్తం మీద నాలుగైదు డెసిబెల్స్ లాభం. ఈ ఏడాది ఒక కాంబో, రెండేళ్ల తర్వాత ఒక పెట్టె. డబ్బు తక్కువున్నవాళ్లకు ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

కొనడానికి బెంగళూరు వెళితే మీ గిటారు మీరే తీసుకెళ్లండి. అంగడిలోని ఖరీదైన గిటారుతో విని యాంపును మెచ్చుకోవద్దు. లావు తీగను ఎక్కడా నొక్కకుండా, గట్టిగా, ఎక్కువ వాల్యూమ్‌లో మోగించి గరగర వస్తుందేమో వినండి. వాల్యూమ్ నాబ్ సగంలోనే ఉంది, ఇంకా సగం శక్తి మిగిలి ఉందని అంగడివాళ్లు అంటే ఆగండి. చాలా యాంపుల్లో నాబ్ సగానికి రాకముందే పూర్తి శక్తి అయిపోతుంది. వీలైతే మీ డ్రమ్మర్‌ను వెంట తీసుకెళ్లండి. ఒక బస్సు టికెట్టు ఎక్కువవుతుంది, అంతే.

ఇప్పుడు మన తమ్ముడు డ్రమ్స్ దగ్గర కూర్చుంటాడు. నేను మొదట చిన్న యాంపుతో, తర్వాత పెద్ద యాంపుతో, ఆ తర్వాత చిన్నదాన్నే డీఐ గుండా మిక్సర్‌కు ఇచ్చి ఒకే వరుస వాయిస్తాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు లేచి వెనక గోడ దగ్గరికి వెళ్లండి. మూడుసార్లూ నా స్వరం ఎక్కడ వినిపించిందో, ఎక్కడ పోయిందో అక్కడి నుంచి నాకు చెప్పండి.