ఏ హామీ ఎవరి చేతిలో ఉంది?

(అమెరికా అధ్యక్ష అభ్యర్థుల విధానాలను పోల్చి చూడటం గురించి తిరుపతిలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, అమెరికా చదువులకు తయారవుతున్న పిలకాయలకు నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నిక మళ్లీ 2028 నవంబరు 7న వస్తుంది. మనకు అక్కడ ఓటు లేదు. అయినా తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఆ ఎన్నిక సెగ తగలని వీధి లేదు. ఒకింట్లో కొడుకు ఎమ్మెస్, పక్కింట్లో కూతురు హెచ్-1బి పని వీసా, ఎదురింట్లో చదువుకోసం తెచ్చిన బ్యాంకు లోను. 2024లో రిపబ్లికన్ ట్రంప్, డెమొక్రాట్ హారిస్ పోటీ పడ్డప్పుడు టీ కొట్ల దగ్గర వాదనలు బాగానే నడిచాయి. 'ట్రంప్ మనవాళ్లకు మంచోడు', 'హారిస్ తల్లిది చెన్నై కదా' అని. ఇది విధానాలు పోల్చడం కాదు, పెళ్లి సంబంధం చూడటం.

ముందు ఒక తికమక తీసేద్దాం. మన రాష్ట్రపతి ఎన్నికలో పన్నుల మీదా ధరల మీదా హామీలుండవు. తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయింది గానీ, 1969లో నీలం సంజీవరెడ్డి వి.వి. గిరి చేతిలో ఓడింది గానీ హామీల వల్ల కాదు. రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుచుకోవాలి. అమెరికా అధ్యక్షుడు తానే ప్రభుత్వాన్ని నడుపుతాడు, కాబట్టి హామీలిస్తాడు. అయితే ఆయన మన ముఖ్యమంత్రి లాంటివాడు కూడా కాదు. ఇక్కడ పింఛను 4,000 చేస్తామన్నారు, 2024 జూలై 1న చేతికొచ్చింది. సభలో మెజారిటీ, ఖజానా, జీవో మూడూ ఒకే చోట ఉంటాయి కాబట్టి అది సాధ్యం. అక్కడ చట్టం, డబ్బు కాంగ్రెస్ చేతిలో, అంటే వాళ్ల పార్లమెంటు చేతిలో ఉంటాయి. అధ్యక్షుడు ఒక పార్టీ వాడై సభ ఇంకో పార్టీది కావచ్చు. అభ్యర్థి నోట 'చేస్తాను' అన్న మాట రాగానే మనం జీవో వచ్చినట్టే అనుకుంటాం. పొరపాటంతా అక్కడే మొదలవుతుంది.

ఇక పని. తెల్ల కాగితం అడ్డంగా పెట్టి ఐదు నిలువు గళ్లు గీయండి. మనిషికో కాగితం వద్దు, అంశానికో కాగితం పెట్టండి: పని వీసా ఒకటి, గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) ఒకటి, సుంకాలు ఒకటి, ఇంటికి పంపే డబ్బు ఒకటి. ఒక్కో కాగితంలో ఇద్దరు అభ్యర్థులకు రెండు అడ్డ వరసలు. మనిషికో కాగితం రాస్తే నచ్చినవాడి కాగితం నిండుతుంది, నచ్చనివాడిది ఖాళీగా మిగులుతుంది. అంశానికి రాస్తే ఎవరు దేని గురించి నోరు విప్పలేదో వెంటనే కనబడుతుంది.

మొదటి గడిలో అభ్యర్థి అన్న మాట, తేదీ, ఎక్కడ అన్నదీ రాయాలి. పార్టీ పత్రంలో (మేనిఫెస్టోలో) ఉన్నదా, సభలో అన్నదా, పాడ్‌కాస్ట్‌లో అన్నదా అన్నది ముఖ్యం. 2024 జూన్‌లో ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో, అమెరికా కాలేజీలో పట్టా పుచ్చుకున్న విదేశీ విద్యార్థులకు పట్టాతో పాటు గ్రీన్ కార్డు కూడా ఇవ్వాలన్నాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో అది పండగే. గట్టిగా వడపోసి కొందరికేనని ఆయన ప్రచార బృందం వెంటనే సర్దుకుంది. ఆ సర్దుబాటు మాత్రం మన గ్రూపుల దాకా రాలేదు.

పత్రాల్లోనూ మెలికలున్నాయి. 2024లో రిపబ్లికన్ పార్టీ పత్రం 20 హామీలతో చాలా పొట్టిగా ఉంది. డెమొక్రాట్లది బారెడు పత్రం, కానీ అప్పటి అధ్యక్షుడు బైడెన్ జూలై 21న పోటీ నుంచి తప్పుకోక ముందు రాసింది. ఆగస్టులో ఆమోదించేటప్పుడు కూడా అందులో బైడెన్ రెండో పదవీకాలం అన్న మాటలు అలాగే ఉండిపోయాయి. హారిస్ సొంత విధానాల పేజీ సెప్టెంబరు 10 చర్చకు కాస్త ముందు మాత్రమే వచ్చింది. పొట్టి పత్రాన్నీ పొడుగు పత్రాన్నీ పక్కపక్కన పెట్టి 'ఈమె దగ్గర వివరముంది, ఆయన దగ్గర లేదు' అనేస్తే సరిపోదు. ఒకరి పథకాన్ని ఇంకొకరి నినాదంతో తూయకూడదు.

రెండో గడి అన్నిటికన్నా ముఖ్యం: ఈ పని ఎవరి చేతిలో ఉంది? అధ్యక్షుడి సంతకం చాలునా, ప్రభుత్వ శాఖ నిబంధన మార్చాలా, కాంగ్రెస్ చట్టం చెయ్యాలా, రాజ్యాంగమే అడ్డమొస్తుందా?

మన పిలకాయల విషయమే తీసుకుందాం. హెచ్-1బి ఏటా 65,000, అమెరికాలో పీజీ చేసినవాళ్లకు ఇంకో 20,000. ఇది చట్టంలో ఉన్న సంఖ్య, పెంచాలన్నా తగ్గించాలన్నా కాంగ్రెస్ కావాలి. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. ఇదీ చట్టమే. తిరుమల క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లు నిండిపోయి, గేటు మాత్రం ఎప్పుడూ తెరిచినంతే తెరుస్తుంటే ఎట్లుంటుందో మనకు చెప్పక్కరలేదు. గేటు వెడల్పు అధ్యక్షుడి చేతిలో లేదు. అదే ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకునే అనుమతి) చూడండి. చదువయ్యాక 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగు వాళ్లకు పైన ఇంకో 24 నెలలు. ఆ 24 నెలలు 2016 నాటి శాఖాపరమైన నిబంధన. హెచ్-1బి వాళ్లతో హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యకో భర్తకో పని అనుమతి కూడా 2015 నాటి నిబంధనే. నిబంధన మార్చడానికి కాంగ్రెస్ అక్కరలేదు. ముసాయిదా ప్రకటించి, జనం అభిప్రాయాలు తీసుకుని, తుది నిబంధన ఇవ్వాలి. నెలలు పడుతుంది, కోర్టుకూ పోతుంది, కానీ సాధ్యం. కాబట్టి గ్రీన్ కార్డు గురించి అభ్యర్థి తియ్యగా మాట్లాడితే తక్కువ నమ్మండి, ఓపీటీ గురించి చేదుగా మాట్లాడితే ఎక్కువ పట్టించుకోండి. ఇది నా తూకం.

అమెరికాలో పుట్టినవాళ్లకు పుట్టుకతో వచ్చే పౌరసత్వం రద్దు అన్నది ఇంకో రకం. ట్రంప్ మొదటి రోజే చేస్తానని 2023లోనే అన్నాడు, 2025 జనవరి 20న సంతకం చేశాడు కూడా. కానీ ఆ హక్కు 1868 నాటి రాజ్యాంగ 14వ సవరణలో ఉంది, 1898లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిపరిచింది. సంతకం ఆరకముందే కోర్టులు ఆపేశాయి. సుంకాలు దీనికి సరిగ్గా ఎదురు. రాజ్యాంగం ప్రకారం ఆ అధికారం కాంగ్రెస్‌దే, అయితే 1962, 1974 చట్టాలతో చాలావరకు అధ్యక్షుడికి అప్పగించింది. అందుకే అన్ని దిగుమతుల మీద 10 నుంచి 20 శాతం, చైనా సరుకు మీద 60 శాతం అని ట్రంప్ అన్నప్పుడు 'ఎన్నికల కోసం అంటున్నాడులే' అని తోసేసినవాళ్లు దెబ్బతిన్నారు. మన దేశపు చాలా సరుకుల మీద 2025 ఆగస్టు 27 నాటికి అది 50 శాతం అయింది, 2026 ఫిబ్రవరిలో గానీ తగ్గలేదు. అమెరికా కొనుగోళ్ల మీద బతికే రొయ్యల చెరువులకు ఆ దెబ్బ నేరుగా తగిలింది.

మూడో గడి డబ్బు. ఇక్కడ ఒకే జాగ్రత్త. అమెరికా బడ్జెట్ అంకెలు ఎక్కువగా పదేళ్ల మొత్తంలో చెబుతారు. దాన్ని ఏడాది ఖర్చనుకుంటే పదింతలు తప్పు. బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు, అదీ డాలర్లలో. ఇంకో సంగతి: 'పన్ను తగ్గిస్తాం' అంటే దేనికంటే తగ్గిస్తారు? 2024 ఎన్నికల నాటికి, 2017 పన్ను చట్టంలోని వ్యక్తిగత రాయితీలు చాలావరకు 2025 చివరికి వాటంతటవే ముగిసిపోవాల్సి ఉండింది. అప్పుడు ఏమీ చెయ్యకపోవడమే పన్ను పెంచడం. ఈ గీత ఎక్కడుందో చూసుకోకుండా పోలిస్తే ఇద్దరూ అబద్ధాలాడుతున్నట్టే కనిపిస్తారు.

నాలుగో గడి: ఎవరికి, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. హోటల్లో వడ్డించేవాళ్ల టిప్పుల మీద పన్ను ఉండదని 2024 జూన్‌లో ట్రంప్, ఆగస్టులో హారిస్ ఇద్దరూ లాస్ వెగాస్‌లోనే చెప్పారు. ఇద్దరిదీ ఒకే మాట గదా, ఈ కాగితం చించేద్దాం అనిపిస్తుంది. చించొద్దు. అది 2025 జూలై 4న చట్టమయ్యేసరికి ఎలా తేలిందో చూడండి. ఏడాదికి 25,000 డాలర్ల దాకా మాత్రమే, 2025 నుంచి 2028 వరకు మాత్రమే, ఒక్కరి ఆదాయం 1,50,000 డాలర్లు దాటితే తగ్గుతూ పోతుంది, జీతంలో పింఛనుకూ వైద్యానికీ పట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత మామూలే. వృద్ధుల పింఛను మీద పన్ను తీసేస్తానన్న హామీ 6,000 డాలర్ల తాత్కాలిక మినహాయింపుగా చిక్కిపోయింది. కార్పొరేట్ పన్ను అమెరికాలోనే సరుకు తయారుచేసే కంపెనీలకు ట్రంప్ 15 శాతమన్నాడు, హారిస్ 28 అంది, చివరికి పాత 21 దగ్గరే ఉంది.

ఎందుకిలా అంటే సెనేట్, కాంగ్రెస్‌లోని పై సభ. 100 మందిలో మామూలు బిల్లు ముందుకు కదలాలంటే 60 మంది కావాలి. బడ్జెట్ దారిలో తెస్తే సగానికి ఒకరెక్కువ చాలు, కానీ అందులో పన్నులు, ఖర్చులు తప్ప వేరే ఇమడవు. ఆ దారిలో కూడా ఈ చట్టం 50–50 అయి ఉపాధ్యక్షుడి ఓటుతో గట్టెక్కింది. కాబట్టి వీసాల సంఖ్య పెంచుతామన్న హామీ ఎవరిచ్చినా, సెనేట్‌లో వాళ్ల పార్టీకి ఎన్ని సీట్లని అడగండి. 60 లేకపోతే ఆ హామీ పక్కన చిన్న సున్నా పెట్టుకోండి.

ఐదో గడి పాత పనులు. చాలామంది ఈ గడి ఖాళీగా వదిలేస్తారు, అభ్యర్థి ఉపన్యాసంలో అది ఉండదు కాబట్టి. 2020 జూన్ 22న ట్రంప్ ఒక ప్రకటనతో కొత్త హెచ్-1బి వాళ్ల రాకను ఆ ఏడాది చివరి దాకా ఆపాడు. కాంగ్రెస్ అక్కరలేకుండానే. ఈ ఒక్క ముక్క రాసుకున్నవాళ్లకు 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్లన్న ప్రకటన అంత పిడుగులా తోచి ఉండదు. ఆ రాత్రి విమానాల టికెట్ల కోసం పరుగెత్తినవాళ్లలో చాలామందికి అది వర్తించనే లేదు. పాత వీసాలకు లేదని మర్నాడే చెప్పారు. అమెరికాలోనే ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకూ లేదని మరుసటి నెలలో వివరణ వచ్చింది. నాలుగో గడి విలువ అది.

పాత పనుల గడి డెమొక్రాట్లనూ వదలదు. సుంకాలను హారిస్ జనం మీద అమ్మకపు పన్నని విమర్శించింది. ఆమె ఉపాధ్యక్షురాలిగా ఉన్న ప్రభుత్వం ట్రంప్ వేసిన చైనా సుంకాలను తీసెయ్యలేదు. 2024 మేలో చైనా విద్యుత్ కార్ల మీద 100 శాతానికి పెంచింది కూడా. విద్యార్థుల లోన్ల మాఫీ బైడెన్ హామీ. సంతకంతో చెయ్యబోతే, కాంగ్రెస్ ఇవ్వని అధికారమని 2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6–3తో కొట్టేసింది. రెండో గడి చూసుకోకుండా ఇచ్చిన హామీ అది.

ఎవరి పత్రంలోనూ లేనివి కూడా వస్తాయి. ఇంటికి పంపే డబ్బు మీద పన్ను 2024 ప్రచారంలో చర్చే కాలేదు. 2025 మేలో బిల్లులో 5 శాతంగా మొదలై, 3.5కు దిగి, చట్టంలో 1 శాతం దగ్గర నిలిచింది. 2026 జనవరి 1 నుంచి అమలు. అదీ నగదు, మనీ ఆర్డరు లాంటి వాటితో పంపితేనే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచో అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డు నుంచో పంపితే లేదు. మీ పిల్లోడు ఇప్పటికీ నగదు కట్టి పంపుతుంటే ఈ రాత్రి ఫోన్లో చెప్పండి.

2028లో పార్టీల లోపల అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక పోటీలు మొదలయ్యేటప్పుడు గళ్లు పెన్సిల్‌తో నింపండి. పార్టీ సభలు అయ్యాక, చర్చలు అయ్యాక దిద్దుకోండి. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. వీసా ఇంటర్వ్యూ గురించి వద్దు, అది వేరే కాగితం.