కొత్త కానిస్టేబుల్‌కి పని ఎక్కడ నేర్పాలి

బెంగళూరు తెలుగువాళ్ల ఈ సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, శాలువా కప్పిన అమ్మకు, పొద్దున్నుంచి తిరిగి తిరిగి కాఫీలు అందిస్తున్న పిల్లలకు పేరుపేరునా నమస్కారాలు. నాది బాగేపల్లి దిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగి, ఈ కర్ణాటక పోలీసు శాఖలోనే చేరి, ఇక్కడే రిటైరయ్యాను. ఆఖరి ఏళ్లన్నీ కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పడంలోనే గడిచాయి.

నిర్వాహకులు నన్ను సైబర్ మోసాల గురించి మాట్లాడమన్నారు. అది ముందే చెప్పేస్తాను. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది. వీడియో కాల్‌లో మనిషిని అరెస్టు చేసి కూర్చోబెట్టే చట్టం ఈ దేశంలో లేదు. ‘డిజిటల్ అరెస్టు’ అన్నవాడు దొంగ, ఫోన్ పెట్టేయండి. మిగతా సమయం నాకు ఇవ్వండి. చాలా రోజులుగా నలుగురిలో చెప్పాలనుకుంటున్న సంగతి ఒకటుంది.

మీరు 112కి ఫోన్ చేస్తే హొయ్సళ బండి, అంటే పోలీసుల గస్తీ బండి, వస్తుంది. అందులోంచి దిగే కుర్రవాడికో, అమ్మాయికో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. వాళ్లకు ఏం నేర్పి పంపిస్తున్నామో మీకు తెలుసా? తెల్లవారకముందే పీటీ, ఆ తర్వాత పెరేడ్, ఫైరింగ్. ఇండోర్ క్లాసులో సెక్షన్లు. అన్నీ కావాల్సినవే, కాదనను. పాసింగ్ ఔట్ పెరేడ్ రోజు అమ్మానాన్నలు వచ్చి కళ్లు తుడుచుకుంటారు, నేనూ తుడుచుకున్నాను. కానీ స్టేషన్‌కు పోయిన మొదటి రోజే ఎవరో ఒక సీనియర్, ‘అక్కడ నేర్చుకున్నదంతా మర్చిపో, ఇక్కడ నేను చెప్పినట్టు చెయ్యి’ అంటాడు. పిల్లవాడు అలాగే మర్చిపోతాడు.

ఒక ఉదాహరణ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నూరో సెక్షన్ ఉంది. మనసు బాగోలేక తిరుగుతున్న మనిషి కనిపిస్తే పోలీసు ఏం చేయాలో అందులో రాసుంది. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే అందరూ రాస్తారు, పదికి పది. అదే పిల్లల్ని కూర్చోబెట్టి ఇంకోలా అడిగాను. అర్ధరాత్రి దాటింది, కె.ఆర్. మార్కెట్ ఫ్లైఓవర్ కింద ఒకామె కూర్చుని వచ్చేపోయే ఆటోల మీద రాళ్లు వేస్తోంది. పక్కన గోనెసంచి మూట. ఆ మూట ముట్టుకుంటే కేకలు పెడుతోంది. ఏ భాషో మీకు అర్థం కావడం లేదు. బండిలో మీరూ డ్రైవరూ తప్ప ఇంకెవరూ లేరు, మహిళా సిబ్బంది లేరు. ఇప్పుడు చెప్పండి.

క్లాసంతా నిశ్శబ్దం. కాసేపటికి ఒకమ్మాయి లేచి, ‘మేడమ్, ఆ మూటను కూడా ఆస్పత్రిలో చేర్చుకుంటారా?’ అంది. అదీ ప్రశ్న! ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలో ఉంది? దాని వెంటపడి ఆ పిల్లలు ఆస్పత్రికి ఫోన్లు చేశారు, రాత్రి డ్యూటీ నర్సుతో మాట్లాడారు, సంచిలో వస్తువులకు జాబితా ఎవరు రాయాలో కనుక్కున్నారు. సెక్షన్‌ను మాత్రం ఆ తర్వాత జన్మలో మర్చిపోరు.

ఇలా ముందు సమస్యను ఇచ్చి, దాని కోసం చదువును వెతుక్కోనివ్వడం నా తెలివి కాదు. 1969లో కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులకు ఇలా నేర్పడం మొదలుపెట్టింది. పోలీసుల్లోకి రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. అమెరికాలో అప్పటిదాకా నడిచింది 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే పోలీసులు తెచ్చిన పద్ధతి. కొత్తవాడి పక్కన సీనియర్ కూర్చుని రోజూ ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేస్తాడు. ఏమీ లేని రోజుల్లో అదొక పెద్ద ముందడుగే. కానీ రోజూ మార్కులు వేసేవాణ్ణి నేర్చుకునేవాడు ప్రశ్న అడుగుతాడా? అడిగితే తెలియదని బయటపడుతుంది కదా! 1999 ప్రాంతంలో నెవాడా రాష్ట్రంలో రీనో పోలీసులు, ఇంకొన్ని సంస్థలు కలిసి కొత్త పద్ధతి తయారుచేశారు. పదిహేను వారాలు. పరిచయానికీ పరీక్షలకూ పోగా నాలుగు దశలు, ఒక్కోటి మూడు వారాలు: మామూలు కాల్స్, అత్యవసర కాల్స్, గస్తీ, నేర దర్యాప్తు. నేర్పేవాడు నేర్పుతాడు, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి తూచేవాడు వేరే మనిషి. కొత్తవాడు రోజూ ఒక డైరీ రాసుకుంటాడు, దానికి మార్కులుండవు. పైగా తనకిచ్చిన పేటలో తిరిగి, ఎవరెవరు ఉంటారు, ఏ కష్టాలున్నాయి, ఎవరి మాట చెల్లుతుంది, అంతా ఒక పుస్తకంగా తయారుచేసి చూపించాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ చివరిది.

మన దేశంలో ఎవరూ చెప్పలేదా అంటే, 1971లో కేంద్రం పోలీసు శిక్షణ మీద గోరే కమిటీ వేసింది. 1973లో నివేదిక వచ్చింది. డ్రిల్లూ చట్టమూ చాలవు, మనుషుల్నీ సమాజాన్నీ అర్థం చేసుకునే చూపు కూడా నేర్పాలన్నారు. ఏభై ఏళ్ల మాట ఇది.

సరే, నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. ఇది చెప్పడానికే ఒప్పుకుని వచ్చాను.

కోలారు జిల్లా శ్రీనివాసపురం పిల్లవాడు, ఇంట్లో తెలుగే. 2024 వేసవిలో ప్రాక్టికల్ ట్రైనింగ్ కింద ఒక స్టేషన్‌లో ఉన్నాడు. ఆ వేసవి మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. బోర్లు ఎండిపోయి టాంకర్ల కోసం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. అందులోనూ 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల్లో చాలావాటికి అప్పటికి కావేరి నీళ్లు రాలేదు, ఆ అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ ప్రారంభమయ్యేదాకా టాంకరే దిక్కు. కృష్ణరాజపురం దాటాక అలాంటి ఒక వీధి నుంచి తెల్లారుజామున పదేపదే 112కి కాల్స్. టాంకర్ దగ్గర గొడవ, బిందెలు విసురుకున్నారు, ఒకాయన తల పగిలింది. బండి పోతుంది, అరుస్తుంది, వస్తుంది. ఈ పిల్లవాడు స్టేషన్‌లో పాత కాగితాలన్నీ తీసి టేబుల్ మీద పరిచాడు. ప్రతి దాని కిందా ఒకటే వాక్యం: ‘ఇరు పక్షాలకు బుద్ధి చెప్పి పంపించడమైనది.’ చేతిరాత మారింది గాని వాక్యం మారలేదు.

క్లాసులో నేను మూడు గీతలు గీయించేదాన్ని. తెలిసింది, తెలియాల్సింది, ఎవర్ని అడగాలి. వాడు అదే నోట్‌బుక్కు పట్టుకుని డ్యూటీ అయ్యాక ఆ వీధిలోకి పోయాడు. నేను ఆ పేజీ చూశాను. ‘తెలియాల్సింది’ కింద రాసుకున్నాడు: టాంకర్ ఎన్నింటికి వస్తుంది? ఎవరు పిలుస్తారు? డబ్బు ఎవరు కడతారు? పైపు ఎన్ని అడుగులు?

పైపు ఎన్ని అడుగులు! ఆ ఒక్కటీ అడిగినవాడు ఎవడూ లేడు అంతకుముందు. వీధి ఇరుకు, టాంకర్ లోపలికి పోతే తిరగలేదు. మూల మీద ఒక పీజీ, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్ ఉంది. అక్కడ ఉన్నది ఎక్కువగా మన అనంతపురం, కడప పిల్లలే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పైపు ఆ హాస్టల్ సంపు వరకే అందుతుంది. సంపు నిండేసరికి టాంకర్‌లో సగం అయిపోతుంది. వెనక ఇళ్లలో కదిరి నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు, డ్రమ్ములు పట్టుకుని చీకట్లో నిలబడి ఉంటారు. డబ్బు మాత్రం అందరూ సమానంగా వేసుకున్నారు. గొడవ రాక ఏమవుతుంది?

పిల్లవాడు టాంకర్ ఓనర్‌ను కలిశాడు. హాస్టల్ ఆయనతో మాట్లాడాడు. వెనక ఇళ్లలో ఒక ముసలామెను పట్టుకున్నాడు, ఆమె మాటంటే అందరికీ గురి. ఇంకో పైపు జోడించారు. టాంకర్ తెల్లారాకే రావాలన్నారు. వెనక ఇళ్లకు ముందు, సంపుకు తర్వాత అని ఒప్పుకుని, వరస రాసి గోడకు అంటించారు. ఆ వేసవిలో మళ్లీ ఆ వీధి నుంచి నీళ్ల మీద కాల్ రాలేదు. స్టేషన్ వాళ్లే నాకు చెప్పారు.

ఇప్పుడు వినండి. శిక్షణ అయ్యాక వాడి పేపర్ల మీద పై అధికారి ఒకరు ఏం రాశారో తెలుసా? ‘అనవసర విషయాల్లో తిరిగాడు. పని మీద శ్రద్ధ చాలదు.’ అందరి ముందూ నిలబెట్టి ‘నువ్వు పోలీసువా, వాటర్ బోర్డువా?’ అని అడిగారట. వాడు నాకు ఫోన్ చేసి, ‘మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను కదా’ అన్నాడు. నేను ఏం చెప్పాలి? ఆ రిమార్కు తీసేయమని రాశాను. మళ్లీ రాశాను. జవాబు రాలేదు. నేను రిటైరయ్యాను, వాడి ఫైల్లో ఆ రెండు వాక్యాలు అలాగే ఉన్నాయి. తల పగలకుండా చూసినవాడికి శ్రద్ధ లేదట! మళ్లీ మళ్లీ పోయి ‘బుద్ధి చెప్పి’ వచ్చినవాళ్లకు మాత్రం ఉంది. నాకు కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

అమెరికాలో హెర్మన్ గోల్డ్‌స్టీన్ అనే ప్రొఫెసర్ 1979లోనే దీని మీద రాశాడు. పోలీసులు ఒక్కో కాల్‌ను విడివిడిగా చూడొద్దు, ఒకేలాంటివి ఎందుకు వస్తున్నాయో చూడాలని. మా పిల్లవాడు ఆయన పేరు విని ఉండడు. కానీ చేసింది అదే.

అవును, టైమయిందంటున్నారు, ముగిస్తాను. అడగాల్సింది ఒకటుంది, మిమ్మల్నే.

అన్నల్లారా, అక్కల్లారా, పోలీసు గేటు ముందు నిలబడితే మన ఇళ్లలో ఏం జరుగుతుంది? ‘మా ఇంట్లో ఏం గొడవ లేదు, పక్కింటికి పో’ అని గ్రిల్ తియ్యకుండానే పంపిస్తాం. చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటారో అని భయం. పోలీసంటే మనకున్న భయం ఉత్తి పుణ్యానికి రాలేదు, 1861 పోలీసు చట్టం నాటి నుంచి మేము సంపాదించుకున్నదే, నాకు తెలుసు. కానీ ఆ కుర్రవాడు నోట్‌బుక్కుతో వచ్చి ‘ఈ వీధిలో ఏం కష్టముంది?’ అని అడిగితే, కూర్చోబెట్టి చెప్పండి. లైటు ఎక్కడ వెలగదో చెప్పండి. రాత్రి బైకులు ఎక్కడ ఆగుతాయో చెప్పండి. మీ కన్నడం బాగోకపోతే తెలుగులోనే చెప్పండి, సగం మందికి అర్థమవుతుంది, మిగతావాళ్లు నేర్చుకుంటారు. పీజీల్లో ఉండే పిల్లలూ, మీరు ముందు వరుసలో ఉన్నారు, మీకే చెబుతున్నాను. ఆ వీధి మీది కాదనుకోవద్దు.

ఇంకొకటి. వాడు మంచి పని చేస్తే కాగితం మీద రాసివ్వండి. వాట్సాప్‌లో దండం బొమ్మ పెడితే ఫైల్లోకి పోదు. స్టేషన్ ఇన్‌స్పెక్టర్ పేరిట, తేదీ వేసి, ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి, అందినట్టు సీలు వేయించుకోండి. ఆ నీళ్ల వీధిలో మనవాళ్లు అన్ని ఇళ్లున్నారు, ఒక్క ఉత్తరం రాసుంటే ఆ రిమార్కు పక్కన ఇంకో కాగితం ఉండేది.

బయట చెప్పులు విడిచే చోట టేబుల్ మీద నా నోట్‌బుక్కులు కొన్ని పెట్టించాను, మూడు గీతలు గీసి ఉంటాయి. మీ వీధి పేరు రాసి, తెలిసింది, తెలియాల్సింది మీరే నింపండి. మూడో గీత కింద, ‘ఎవర్ని అడగాలి’ అన్నచోట, మీ పేరూ ఇంటి నంబరూ రాస్తారేమో చూడండి. వచ్చే వారం నేనే ఆయా స్టేషన్లకు తీసుకెళ్లి కొత్త పిల్లల చేతికిస్తాను. పెన్నులు అక్కడే ఉన్నాయి. నమస్కారం.