మాయలో గడియారం

అందరికీ నమస్కారం.

మొన్న ఓపీలో ఐదో నెల గర్భిణి ఒకామె చెయ్యి చాపి కూర్చుంది. "మేడమ్, షుగరూ థైరాయిడూ ఈ రక్తంలోనే తెలుస్తున్నాయిగా. ఈసారైనా నెలలు నిండుతాయో లేదో కూడా చూసి చెప్పండి" అంది. ఆమె మొదటి బిడ్డ 32వ వారంలోనే పుట్టింది.

1995లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో రోజర్ స్మిత్ బృందం వెతికిందీ దీని జవాబే. సీఆర్‌హెచ్ అనే హార్మోను మన మెదడులో తయారవుతుంది. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరిగితే అక్కడ దానికి కళ్లెం పడుతుంది. గర్భిణుల్లో మాయ, అంటే కడుపులో బిడ్డకి పోషణ అందించే ప్లాసెంటా, కూడా దీన్ని తయారుచేస్తుంది, అక్కడ మాత్రం వ్యవహారం తలకిందులు: కార్టిసాల్ పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది, ఆజ్యం పోసినట్టు. ముందే కాన్పయినవాళ్ల రక్తంలో ఇది నాలుగైదు నెలలకే ఎక్కువగా కనిపించింది. అందుకే కాన్పు ఎప్పుడో ముందే లెక్కగట్టే గడియారం మాయలో ఉందన్నారు.

మరి మన ల్యాబుల్లో ఆ పరీక్ష ఎందుకు లేదంటారా? మనిషికీ మనిషికీ అంకె మారిపోతుంది. పైగా కాన్పు ముందే రావడానికి కారణం ఒక్కటి కాదు. ఇన్ఫెక్షన్, కవలలు, బీపీ, గర్భసంచి మూతి పొట్టిగా ఉండడం... ఏ దారిన వస్తుందో తెలియని దొంగకి ఒక్క గుమ్మం దగ్గరే కాపలా ఎలా సరిపోతుంది? అమెరికాలో రెండు ప్రొటీన్ల నిష్పత్తి చూసే పరీక్ష ఒకటి అమ్మకానికి వచ్చింది. 2018లో స్టాన్‌ఫర్డ్‌ వాళ్లు రక్తంలో తేలే ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల సందేశం మోసే పదార్థం) ముక్కలతో ప్రయత్నించారు, కానీ చూసింది కొద్దిమందినే.

ఒక లెక్క చెప్తాను, సరదాగా వేసుకోండి. 100 మంది గర్భిణుల్లో 10 మందికి ముందే కాన్పవుతుందనుకుందాం. పరీక్ష నూటికి 80 పాళ్లు సరైనదే అనుకుందాం. ఆ 10 మందిలో 8 మందిని పట్టుకుంటుంది. మిగతా 90 మందిలో 18 మందిని ఊరికే బెదరగొడుతుంది. ఆ 18 మంది ఇళ్లల్లో నిద్రలుండవు, అత్తగారి సతాయింపు అదనం!

ఆమెకి లోపలి స్కాన్ చేశాం. గర్భసంచి మూతి 22 మిల్లీమీటర్లు, 25 కంటే తక్కువ, అంటే పొట్టిదే. గర్భాన్ని నిలిపే హార్మోను ప్రొజెస్టెరాన్ రాశాను.

"అయితే రక్తం తియ్యరా?" అంది నిరాశగా.

తీశామమ్మా, హిమోగ్లోబిన్‌కి. 8.6 వచ్చింది, రక్తహీనత.