ఊక, పాత డబ్బాలు కలిస్తే పలక

శ్రోతలకు నమస్కారం. రైస్ మిల్లు వెనక గుట్టలుగా పడుండే ఊకనూ, పాత సామాన్ల కొట్టుకు చేరే షాంపూ సీసాలు, నూనె డబ్బాలనూ కలిపి చెక్కలాంటి పలకలు చేస్తారు. తోట బెంచీలకూ కంచెలకూ బాగా పనికొస్తాయి.

వంద కిలోల సరుకుకు ఒక లెక్క చెబుతాను. మెత్తగా మరపట్టిన ఊక 55 కిలోలు, ప్లాస్టిక్ పలుకులు 38, మాలియేటెడ్ పాలిథిన్ 3, జారుడు కోసం మైనం 3, రంగూ ఎండను తట్టుకునే మందూ కలిపి 1. ఊక నీటిని పీల్చే రకం, ప్లాస్టిక్ నీటిని దగ్గరికి రానీయదు. ఆ మాలియేటెడ్ పాలిథిన్ రెంటినీ అతికిస్తుంది. ఖరీదని మానేస్తే పలక వంచగానే పుటుక్కుమంటుంది. తవుడు కలిసిన ఊక కూడా వద్దు, అందులోని నూనె అతుకును చెడగొడుతుంది.

ప్లాస్టిక్ ముక్కలు నీళ్ళలో వేసి, తేలినవే తీసుకోవాలి. పీవీసీ, నీళ్ళ సీసాల పెట్ మునుగుతాయి. గాలిబుడగ అంటుకుంటే పెట్ ముక్కా తేలుతుంది, అందుకే కాస్త సబ్బునీళ్ళు కలిపి బాగా తిప్పాలి. సరుకును కరిగించి, లోపలి మరలాంటి స్క్రూతో నెట్టి పలకగా తీసే మిషన్ నడిచేది 170-190 డిగ్రీల్లో; పెట్ కరగాలంటే 250 దాకా కావాలి. కరగని పలుకులు డైకి, అంటే పలక బయటికొచ్చే అచ్చుకు, అడ్డం పడతాయి. పీవీసీ అయితే ఆమ్లవాయువు వదిలి స్క్రూనే తినేస్తుంది.

అసలు కిటుకంతా ఆరబెట్టడంలోనే ఉంది. గలగలలాడే ఊకలోనూ నూటికి పది పాళ్ళు తేమ ఉండొచ్చు. అంటే 55 కిలోల్లో అయిదున్నర లీటర్ల నీరు! లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. మిషన్లో ఆ చోటేదీ? పలకలోనే బుడగలు కడుతుంది. కోసిన అంచు చూడండి, సన్నసన్న రంధ్రాలు కనిపిస్తాయి. వానాకాలం వాటిలోంచే నీరు పట్టి పలక ఉబ్బుతుంది.

ఎండలో ఆరేస్తే చాలదు. 105 డిగ్రీల డ్రయ్యర్లో తేమ ఒక శాతానికి దిగాలి. అందులోంచి 100 గ్రాములు తీసి, అదే వేడిలో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి తూచండి, 99కి తగ్గకూడదు. ఆరిన పొడిని రాత్రంతా గోతాంలో వదిలేస్తే గాలిలో తేమను మళ్ళీ లాగేస్తుంది, వేడివేడిగానే మిషన్లో పోయాలి.

వేడి 200 దాటితే ఊక మాడి కమురు వాసన వస్తుంది. ఊకలోని సిలికా స్క్రూను అరగదీస్తుంది, గట్టిపరిచిన ఉక్కుదే పెట్టుకోండి.

బిగించేటప్పుడు అడుగుకొక ఆధారం ఇవ్వండి, పలకల చివర్ల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదలండి. ఎండకు పలక పొడవు సాగుతుంది, సందు లేకపోతే నడుమ పైకి లేస్తుంది. దూలాలకు మాత్రం వాడొద్దు. బరువు కింద నెలల తరబడి ఉంటే మెల్లగా వంగిపోతుంది.